చాలంటే సాగమని

ఆ ఉద్యోగం నాకు రావలసింది. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇది చదివేవాళ్లలో కొందరు ఆవిడ నోట ఈ కథ ఇదివరకే విని ఉంటారు. ఆవిడ చెప్పే కథలో నేను ఉండను.

అప్పట్లో మేం కలకత్తాకి నది అవతల, సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నాన్న యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి పెళ్లికి ముందే వచ్చి, ఆ పట్టాల మధ్యే ముసలివాడయ్యాడు. రిటైరయ్యే రోజు దగ్గర పడుతోంది. రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. తమ్ముళ్లింకా బడిలోనే ఉన్నారు. ఇంట్లో జీతం తెచ్చే చెయ్యి ఇంకొకటి కావాలి, ఆ చెయ్యి నాదే కావాలి. సర్కారు వాళ్లు ప్రాథమిక బడుల్లోంచి ఇంగ్లీషు తీసేసిన రోజులవి. దాంతో నాలుగు ఇంగ్లీషు ముక్కల కోసం జనం ప్రైవేటు నర్సరీల మీద పడ్డారు. సందుకొకటి వెలిసింది. చిన్నపిల్లల టీచరు ట్రైనింగు చేస్తే ఆడపిల్ల ఖాళీగా కూర్చోదని యార్డులో ఎవరో నాన్నకి చెప్పారు.

కాలేజీ ఉత్తర కలకత్తాలో ఒక పాత మేడ. కింద వాళ్ల సొంత నర్సరీ, పైన మా క్లాసులు. మా టీచరమ్మని అందరూ దిది అనేవాళ్లు, బెంగాలీలో అక్క అని. మొదటి వారంలోనే దిది ఒక మాట చెప్పింది. కింది నర్సరీలో ఒక టీచరు పోస్టు ఖాళీ కాబోతోంది. ఏడాది చివర బయటినుంచి పరీక్షకి వచ్చే ఆవిడ ముందు ఎవరు బాగా పాఠం చెబితే ఆ పోస్టు వాళ్లకే. జీతంతో, సెలవులతో, పక్కా పోస్టు. నేను ఆ రోజు లాంచీలో నది దాటుతూ ఆ నర్సరీ గోడ మీది కాకి బొమ్మ దగ్గరనుంచి అన్నీ గుర్తు చేసుకున్నాను. అది నా గది అనుకున్నాను.

మా బ్యాచ్‌లో తెలుగువాళ్లం ఇద్దరమే. రెండో అమ్మాయి పెద్దవాళ్లుండే సాల్ట్ లేక్ పేట నుంచి వచ్చేది. వాళ్ల నాన్న ఏదో పెద్ద ఆఫీసులో ఆఫీసరు. గుంటూరు వైపు వాళ్లు. బెంగాలీ అమ్మాయిల మధ్య తెలుగు మొహం కనబడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అది నా మొదటి పొరపాటు.

"తెలుగమ్మాయివా? ఎక్కడ ఉంటావు?" అంది.

"సంత్రాగాఛి అండి. మరి మీరేటి, రోజూ సాల్ట్ లేక్ నుంచే వస్తారా?"

"ఏటి?" అంది కళ్లు పెద్దవి చేసి. "ఏ ఏటి గురించి అడుగుతున్నావు? హుగ్లీయా?"

తనే నవ్వింది. పక్కనున్న బెంగాలీ అమ్మాయిలు ఏమిటేమిటని అడిగితే వాళ్లకి విడమరిచి చెప్పింది. మా వాళ్లు 'ఏమిటి' అనే మాటకి 'ఏటి' అంటారని, అది నదిని అన్నట్టు వినబడుతుందని. తెలుగు ఒక్క ముక్క రానివాళ్లు కూడా నా తెలుగుకి నవ్వారు. ఇంకొకటి. నేను 'మీరు' అన్నాను, తను 'నువ్వు' అంది. వయసులో నాకంటే చిన్నదని తర్వాత తెలిసింది. తెలిశాక కూడా మారలేదు. ఆ రోజు నుంచి నా పేరు పిలవలేదు, 'సంత్రాగాఛీ' అని స్టేషను పేరు పెట్టి పిలిచేది. సరే, నేనూ ఆ అమ్మాయిని ఇక్కడ సాల్ట్ లేక్ అనే అంటాను.

ఆ చదువు బయటివాళ్లు అనుకున్నంత తేలిక కాదు. రంగు కాగితాలు మడవడం, పాటకి చేతులు తిప్పడం అని మా తమ్ముళ్లు వెక్కిరించేవాళ్లు. పిల్లవాడితో మాట్లాడేటప్పుడు మన కళ్లు వాడి కళ్ల ఎత్తులో ఉండాలి, అంటే పూటంతా గొంతుక్కూర్చునే ఉండాలి. ఒక్క పిల్లని పొద్దున్నుంచీ గమనించి, ఆ పిల్ల ఏం చేసిందో చెప్పాలి, ఎందుకు చేసిందో మనం ఊహించకూడదు. పారేసే వస్తువులతో ఆట బొమ్మలు చెయ్యాలి. ఇవన్నీ నేను బాగా చేశాను. బాగా చేశానని నేను చెప్పుకోవలసి వచ్చింది, అదే నా బాధ.

బొమ్మల వారంలో నేను కొబ్బరి చిప్పతో తాబేలు చేశాను. తల లోపలికీ బయటికీ కదిలేది. చిప్ప అంచు పిల్లల వేళ్లకి గుచ్చుకోకూడదని మా గుమ్మం రాతి మీద నాలుగు సాయంత్రాలు అరగదీశాను. నున్నగా చెంపలా తయారైంది. సాల్ట్ లేక్ వాళ్ల నాన్న పాత మేజోడుకి రెండు గుండీలు కుట్టి కుందేలని తెచ్చింది. దిది కుందేలుని చేతికి తొడుక్కుని, "కీ షుందర్!" అని ముచ్చటపడిపోయింది. ఎంత బాగుందో అని. నా తాబేలుని చూసి, "చిప్ప అంచు పదునుగా ఉంటుంది కదా, జాగ్రత్త" అంది. వేలు పెట్టి చూడనైనా చూడలేదు. ఈ రోజుకీ కొబ్బరికాయ కొట్టినప్పుడల్లా నాకు ఆ మాటే వినబడుతుంది.

చార్టుల సంగతీ అంతే. నావి హౌరా లోకల్లో కూరగాయల బుట్టల మధ్య నలిగి, లాంచీలో తడిసి, కాలేజీకి చేరేసరికి ఆవు మొహం మీద ముడతలు పడేవి. తనవి వాళ్ల నాన్న ఆఫీసు కారులో గుండ్రటి గొట్టంలో పడుకుని వచ్చేవి. ఊరేగింపు పడి వంతెన ఆగిపోయి, జనమంతా లాంచీల మీద పడిన రోజు నేను ఆలస్యంగా వస్తే, "ఇంకాస్త ముందు బయలుదేరొచ్చుగా సంత్రాగాఛీ" అనేది. ఇస్త్రీ చీర, ఒక్క వెంట్రుక చెదరని జడ. ఆ జడ ఎలా అల్లుతుందో నేను వెనక బెంచీలోంచి చూసి నేర్చుకున్నాను. ఇంట్లో అల్లుకుని, గడప దాటేముందు విప్పేసేదాన్ని.

ఆ చదువులో ఒక నియమం ఉంది. ఈ కథంతా దాని మీదే నడిచింది. పిల్లలతో 'వద్దు' అనే మాట అనకూడదు. 'పరిగెత్తొద్దు' అనకూడదు, 'మెల్లగా నడుద్దాం' అనాలి. 'నీళ్లు పొయ్యొద్దు' కాదు, 'సీసా నిండింది కదూ' అనాలి. వద్దనగానే పిల్లల మనసు మూసుకుపోతుందని దిది చెప్పింది. బెంగాలీలో వద్దనడానికి మాట 'నా'.

"'నా' బోల్బే నా," అంది దిది. 'నా' అనొద్దు అని.

"దిదీ, ఇప్పుడు మీరే రెండుసార్లు అన్నారు," అంది వెనక నుంచి ఒక అమ్మాయి. క్లాసంతా గొల్లుమంది. దిది కూడా నవ్వింది.

సాల్ట్ లేక్ లేచి నిలబడింది. "దిదీ, మా తెలుగులో 'నా' అంటే నాది అని. ఈ సంత్రాగాఛి అమ్మాయికి ఆ మాట మానడం చాలా కష్టం. నా బెంచీ, నా కత్తెర, నా జిగురు!"

మళ్లీ నవ్వులు. ఆ కత్తెర నాదే. నేను కొనుక్కున్నదే. అడక్కుండా తీసుకున్నది తను.

ఇంత జరిగినా, నాకు తనలా మాట్లాడాలని ఉండేది. ఆ పోస్టు వచ్చేది అలా మాట్లాడేవాళ్లకేనని నా మనసుకి తెలిసిపోయింది. లాంచీలో కమ్మీ పట్టుకుని నిలబడి, నీళ్లకేసి చూస్తూ గొణుక్కునేదాన్ని: ఏమిటి, ఎందుకు, చాలు. ఏమిటి, ఎందుకు, చాలు. మా ఇంట్లో 'చాలు' లేదు, 'సాలు' ఉంది. రైల్వే బడిలో తెలుగు మాస్టారు ఈ 'సాలు' మీద నా చిన్నప్పుడే యుద్ధం చేశాడు. "సాలు కాదే, చాలు! నాలుక ఎక్కడ పెట్టావు?" అని స్కేలుతో గడ్డం ఎత్తి పట్టుకునేవాడు. అయినా పోలేదు. ఆ మాస్టారు చెయ్యలేనిది సాల్ట్ లేక్ నవ్వు చేసింది.

ఒకరోజు అన్నం పెడుతుంటే, "చాలమ్మా, చాలు" అన్నాను. 'చ'ని పళ్ల మధ్య నొక్కి మరీ అన్నాను.

అమ్మ గరిట పట్టుకుని ఆగిపోయింది. "ఏటే గుంటా, చాలేటి? సాలనలేవా? కడుపు నిండిందా, నోరు తిరిగిందా?"

"అలాగే అనాలమ్మా."

"ఎవుళన్నారు? దొరసాన్నాగ మాటాడతన్నావు. అన్నం తిను ముందు," అని ఇంకో గరిటెడు వేసింది.

పరీక్ష పాఠాలు ఎండలు ముదిరాక పెట్టారు. నాకు వచ్చిన పాఠం నీళ్ల ఆట. తొట్టిలో నీళ్లు, మగ్గులు, గరాటు, రకరకాల సీసాలు. నిండడం, ఖాళీ అవడం, ఎక్కువ, తక్కువ. ఇవన్నీ పిల్లలు తమంతట తామే కనుక్కోవాలి, మనం చెప్పకూడదు. సాల్ట్ లేక్‌కి మర్నాడు, కూరగాయల పాఠం. చార్టులు అప్పటికే గొట్టంలో సిద్ధం.

ఇక్కడ ఆ మేడ అలవాటు ఒకటి చెప్పాలి. అప్పట్లో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. వచ్చిన వెంటనే గేటు దగ్గరి దర్వాను పైట్యాంకుకి నీళ్లెక్కించే పంపు వేసి, "పంప్ చాలూ!" అని కేకేసేవాడు. బెంగాలీలో, హిందీలో చాలు అంటే మొదలైంది, నడుస్తోంది అని. ఆ కేక వినగానే ఆయాలు బకెట్లు పట్టుకుని పరిగెత్తేవాళ్లు. నర్సరీ పిల్లలకి అదొక పండుగ. వాళ్లూ గొంతు కలిపి "పంప్ చాలూ!" అని అరిచేవాళ్లు. ఏడాదంతా నేను ఆ కేక విన్నాను. అది వేరే మాట, ఇది వేరే మాట. రెండూ ఒకటే చప్పుడని నాకు ఏ రోజూ తట్టలేదు.

నా పాఠం రోజు కరెంటు లేదు. పరీక్షకి వచ్చిన ఆవిడ విసనకర్రతో ముందు కుర్చీలో కూర్చుంది. మంచి తోలు చెప్పులు వేసుకుంది. పక్కన దిది. గోడ పొడుగునా మా బ్యాచ్ అమ్మాయిలు, అందరికంటే ముందు సాల్ట్ లేక్. నేను పిల్లల కళ్ల ఎత్తులో కూర్చున్నాను. పాఠం బాగా సాగింది. నిజంగా బాగా సాగింది, కావాలంటే ఆ గదిలో ఉన్న ఎవర్నైనా అడగండి. గుండ్రటి మొహం పిల్ల ఒకతె గరాటు పెట్టి మగ్గుతో సన్న మూతి సీసాలోకి పోస్తోంది. సీసా నిండింది. పిల్ల పోస్తూనే ఉంది. నీళ్లు పొర్లి చాప మీదికి పోతున్నాయి. ఆవిడ విసనకర్ర ఆపి చూస్తోంది.

ఆపాలి. 'నా' అనకూడదు. ఆపమనీ అనకూడదు. 'సీసా నిండింది కదూ' అనమన్నారు, అది బెంగాలీలో నాకు నిద్రలో కూడా వచ్చు. మన చాలుకి వాళ్ల మాట 'బస్', అదన్నా సరిపోయేది కదా అని మీరనొచ్చు. అనొచ్చు, మీ ముందు ఆ చెప్పులు లేవు కనక. నా తలలో ఉన్న బెంగాలీ అంతా ఆ సీసా మూతిలోంచి పొర్లిపోయింది. సరిగ్గా అప్పుడు నా చూపు గోడ దగ్గర సాల్ట్ లేక్ మీద పడింది. పెదవి కొరుక్కుంటోంది. నా నోట్లోంచి తెలుగు వచ్చింది. మా అమ్మ తెలుగు కాదు. లాంచీలో నేర్చుకున్న తెలుగు.

"చాలు! చాలు!"

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. "పంప్ చాలూ!" అని కేక పెట్టి మగ్గుడు నీళ్లూ ఒక్కసారే కుమ్మరించింది. మిగతా పిల్లలకి అంతకంటే పిలుపేం కావాలి? తలో మగ్గు పట్టుకుని పడ్డారు. నేను చేతులు ఊపుతూ "చాలు, చాలు!" అంటున్నాను. నేనెంత గట్టిగా అంటే వాళ్లంత జోరుగా పోస్తున్నారు. తొట్టి ఒరిగింది. నీళ్లు నేల మీద బారుగా పాకి ఆవిడ చెప్పుల్ని ముంచేశాయి. ఆవిడ రెండు కాళ్లూ ఎత్తి కుర్చీ అడ్డకమ్మీ మీద పెట్టుకుంది.

అందరికంటే ముందు నవ్వింది సాల్ట్ లేక్. మిగిలినవాళ్లు నీళ్లు చూసి నవ్వారు. తను మాట విని నవ్వింది. ఆ గదిలో ఆ మాటకి రెండు అర్థాలూ తెలిసింది మా ఇద్దరికే.

ఆ సాయంత్రం లాంచీలో నాకు ఒక సంగతి తట్టింది. అది ఇప్పటికీ లోపల గుచ్చుకుంటూనే ఉంది. నేను మా అమ్మలా "సాలు" అని ఉంటే ఆ పిల్లకి ఏమీ అర్థమయ్యేది కాదు. ఇదేం మాటని ఆగి నా మొహం చూసేది. అంతే కావలసింది. మా ఇంటి మాట నన్ను కాపాడేది. ఆ అమ్మాయి మాట నన్ను ముంచింది.

మర్నాడు సాల్ట్ లేక్ వంతు. చార్టుల గొట్టం గోడకి ఆనించి, మూత కూడా తియ్యకుండా, ఉత్త చేతులతో పిల్లల మధ్యకి వెళ్లింది. "మీకు మా భాషలో ఒక మాట నేర్పిస్తాను," అంది బెంగాలీలో. చెయ్యి ముందుకి చాపి "చాలూ!" అంటే అది బెంగాలీ చాలు, అందరూ పంపు నీళ్లలా గది చుట్టూ పరిగెత్తాలి. చెయ్యి పైకెత్తి "చాలు" అంటే అది తెలుగు చాలు, ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోవాలి. మాట ఒకటే. చెయ్యి చూసి తెలుసుకోవాలి. పిల్లలు విరగబడ్డారు. తప్పు పరుగెత్తినవాళ్లు నేల మీద దొర్లి నవ్వారు. నిన్నటి గుండ్రటి మొహం పిల్ల తనే మధ్యలో నిలబడి చెయ్యి ఎత్తింది. పరీక్షకి వచ్చిన ఆవిడ కుర్చీలోంచి లేచి తనూ ఆడింది. నిన్న తడిసిన చెప్పులతోనే.

"ఒక్క మాటలో రెండు భాషలు!" అని ఆవిడ దిదితో అంటుంటే నేను విన్నాను.

"మా తెలుగు మాటండి," అంది సాల్ట్ లేక్. మా తెలుగు! ఏడాదంతా బెంగాలీ అమ్మాయిలతో ఇంగ్లీషులో మాట్లాడిన మనిషికి ఆ పూట తెలుగు గుర్తొచ్చింది.

పోస్టు తనకే ఇచ్చారు. మెట్ల మీద నా ఎదురుగా వచ్చి చెయ్యి పట్టుకుంది.

"నీ ఐడియానే సంత్రాగాఛీ. థాంక్స్."

"అది ఐడియా కాదు. నా పరువు."

"అబ్బా, 'నా' అనకూడదని దిది చెప్పిందిగా," అని నవ్వింది. తర్వాత కాస్త మెత్తగా, "నిజానికి నాకీ ఉద్యోగం అంత అవసరం ఏమీ లేదు. ఊరికే ఇంట్లో కూర్చోవడమెందుకని," అంది.

ఆ మెత్తదనమే నేను భరించలేకపోయాను. అవసరం లేనివాళ్ల చేతికి అంత సులువుగా వచ్చి పడింది!

నేను ఊరుకోలేదు. దిది దగ్గరికి వెళ్లి, ఆ ఆట నా పాఠంలోంచి పుట్టిందని, ఆ మార్కుల్లో నాకు వాటా ఉందని చెప్పాను. దిది ఓపిగ్గానే విన్నది. "పిల్లలు నేల మీద వదిలేసినదాన్ని ఏరుకునేదే మంచి టీచరు. ఆ అమ్మాయి ఏరుకుంది. నువ్వు వదిలేశావు. మాటకి సొంతదారు ఎవరు చెప్పు? అది పిల్లలది," అంది.

"అయితే ఉద్యోగం ఆ గుండ్రటి మొహం పిల్లకి ఇవ్వండి," అన్నాను.

"తుమి బడో ఝొగ్డుటే," అంది దిది. నువ్వు ఉత్త తగవులమారివి అని. నా కోర్సులో నాకు దక్కిన చివరి మాట అదే.

నాన్న రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేశాం. కాలనీ అవతల, రైలు చప్పుడు వినబడేంత దూరంలోనే, ఒక అద్దె ఇంట్లోకి మారాం. నేను ఆ పక్కనే ఒక నర్సరీలో చేరాను. కారు షెడ్డుకి గోడ కట్టి చేసిన గది. జీతం ఒక నెల వచ్చేది, ఒక నెల రేపనేవాళ్లు. నాన్న ప్లాట్‌ఫారం మీద టీ కొట్టు వాళ్లకి లెక్కలు చూసి పెట్టేవాడు. పెద్ద తమ్ముడు చదువు ఆపి రేవు పనికి పోయాడు. కాకి బొమ్మ ఉన్న ఆ గదిలో పక్కా జీతం నాదై ఉంటే వాడు ఆపేవాడు కాదు. ఈ మాట ఇంట్లో ఎవరూ అనలేదు. నేనే అనుకుంటాను, వాడు రేవు నుంచి వచ్చి చేతులు కడుక్కునే ప్రతిసారీ.

ఏళ్లు గడిచాయి. షెడ్డు నర్సరీ మేడ నర్సరీ అయింది, నేను అందులో పెద్ద ఆంటీనయ్యాను. పిల్లలు నన్ను ఆంటీ అంటారు. నదికి కొత్త వంతెన పడింది. ఒక చలికాలం మా పాత కాలేజీ నుంచి ఒక బెంగాలీ అమ్మాయి పాఠాలు సాధన చెయ్యడానికి మా దగ్గరికి వచ్చింది. మొదటి రోజే పిల్లల్ని నిలబెట్టి, "చాలు ఖేలా ఆడదామా?" అంది.

నేను తలుపు దగ్గర నిలబడిపోయాను. ఖేలా అంటే ఆట. దానికి పేరు కూడా వచ్చేసింది.

"ఇదెక్కడ నేర్చుకున్నావమ్మా?"

"మా మేడమ్ కనిపెట్టిన ఆట ఆంటీ! మా కోర్సులో ఉంది. తెలుగులో ఒక మాట ఉందంట, మీకు తెలుసా?"

నాకు తెలుసా!

"మా దగ్గర దాన్ని 'సాలు' అంటారు," అన్నాను. "నా క్లాసులో ఆడితే సాలు అనే ఆడాలి."

పాపం ఆ అమ్మాయి సరేనంది. పరిగెత్తడానికి చాలు, ఆగడానికి సాలు. రెండు చప్పుళ్లూ వేరైపోయాయి. ఎవరూ తప్పు పరుగెత్తలేదు. ఎవరూ నేల మీద దొర్లలేదు. కాసేపటికి పిల్లలు గోడకి చేరి కూర్చున్నారు. "బాగోలేదు ఆంటీ," అన్నాడొక వెధవ. ఆటలోని మజా అంతా ఆ ఒకే చప్పుడులో ఉంది. అది సాల్ట్ లేక్ ఒక్క రాత్రిలో పట్టుకుంది. నాకు అన్నేళ్లూ తట్టలేదు. మా అమ్మ మాటతో ఆట నిలబడదని తెలిసిన ఆ రోజు నాకు సాల్ట్ లేక్ మీద ఉన్న కోపం ఇంకాస్త పెరిగింది.

ట్రైనింగు అమ్మాయి పాఠం చూడ్డానికి మేడమ్, అంటే సాల్ట్ లేకే, స్వయంగా వచ్చింది. కొత్త వంతెన మీంచి, కారులో. జడ ముడి అయింది, కళ్లద్దాలు వచ్చాయి, ఇస్త్రీ మాత్రం అదే. తలుపు తీసింది నేనే. 'నమస్కార్' అని నన్ను దాటుకుని వెళ్లిపోయింది. గుర్తుపట్టలేదు.

పాఠం అయ్యాక మా నర్సరీ యజమానురాలు మేడమ్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, ఆ ఆట ఎలా పుట్టిందో చెప్పమంది. మేడమ్ చెప్పింది. ఎంత బాగా చెప్పిందో! "నేను ట్రైనింగులో ఉన్నప్పుడు నీళ్ల ఆట పాఠం చెబుతున్నాను. ఒక పిల్ల పోస్తూనే ఉంది. 'నా' అనకూడదు కదా! కంగారులో నోట్లోంచి తెలుగు వచ్చేసింది. చాలు, చాలు అన్నాను. ఇంకేముంది, పంప్ చాలూ! పరీక్షకి వచ్చిన ఆవిడ కాళ్లెత్తి కుర్చీ మీద పెట్టుకుంది!"

యజమానురాలు కడుపు పట్టుకుని నవ్వింది. ట్రైనింగు అమ్మాయి ఎన్నోసారో వింటున్నా మళ్లీ నవ్వింది. నేను ట్రే పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. అదే కథ నేను ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాను! ఒక్కరూ నవ్వలేదు. తమ్ముడు లేచి బయటికి పోయేవాడు.

పోస్టు తీసుకుంది, సరే. ఆట తీసుకుంది, సరే. ఇప్పుడు ఆ తడి చాప, ఆ చెప్పులు, నేను తల దించుకుని నేల తుడిచిన ఆ పూట, అవి కూడా తీసేసుకుంది. వాటితో ఆవిడకేం పని?

"ఆ నీళ్లు నావండి," అన్నాను తెలుగులో.

ఆవిడ కళ్లద్దాల మీంచి చూసింది. చాలాసేపు చూసింది. "అరే! సంత్రాగాఛీ! నువ్వా!" అని నా చెయ్యి పట్టుకుంది. మళ్లీ 'నువ్వు'. "నీళ్లు నీవా? అవునా? ఇన్ని బ్యాచ్‌లకి చెప్పీ చెప్పీ నాకు నావే అనిపిస్తున్నాయి. అయినా ఎవరివైతే ఏముందిలే, మన తెలుగు మాటే కదా," అని నవ్వింది. నవ్వులో దొంగతనం లేదు. నిజంగానే మర్చిపోయింది. నేను అన్నేళ్లూ రోజూ గుర్తుపెట్టుకున్నదాన్ని ఆవిడ హాయిగా మర్చిపోయింది.

యజమానురాలు నన్ను టీ పొయ్యమంది. మాటల్లో టీ చల్లారిపోయింది. కాలదని నేను కెటిల్‌కి వేలు ఆనించి చూసుకున్నాను, ఆ జాగ్రత్త నాకు ఆ చదువే నేర్పింది. కప్పులోకి పోస్తున్నాను. సగం నిండగానే ఆవిడ చెయ్యి పైకెత్తింది.

"చాలు, చాలు."

నేను పోస్తూనే ఉన్నాను. కప్పు నిండింది. సాసరు నిండింది. టీ బల్ల అంచు దిగి ఆవిడ నేత చీర కుచ్చిళ్ల మీదికి బొట్లు బొట్లుగా కారుతోంది.

"చాలన్నాను కదా!" అని లేచింది.

"చాలన్నారనే పోశానండి," అన్నాను.

గుమ్మంలో తొంగి చూస్తున్న పిల్లలు "పంప్ చాలూ!" అని ఒక్క గొంతుతో అరిచారు. యజమానురాలు గుడ్డ కోసం పరిగెత్తింది. మేడమ్ తడిసిన కుచ్చిళ్లు పట్టుకుని నాకేసి చూసింది, కెటిల్‌కేసి చూసింది. మొహం ఎర్రబడింది. నాకు కావలసింది అదే, నేను ఎదురుచూశాను. కానీ ఆ ఎరుపు అలాగే నవ్వులోకి తిరిగిపోయింది. కళ్లద్దాలు తీసి తుడుచుకునేంత నవ్వు.

"అబ్బా, సంత్రాగాఛీ! భలే ఉంది. ఇది కూడా క్లాసులో చెప్పాలి," అంది.

చెబుతుంది. ఈ పాటికి చెప్పే ఉంటుంది. ఇంకో రెండు బ్యాచ్‌లు పోతే, ఎవరో గొప్ప మేడమ్ ఒళ్లో తనే టీ ఒంపానని చెబుతుంది. అందరూ నవ్వుతారు. అందుకని ఇది ముందుగా రాసి పెడుతున్నాను. ఆ రోజు కెటిల్ పట్టుకున్నది నేను.